పక్కింటివాళ్లు వదిలేసిన బడ్జీలు, ఈకలు పీక్కునే కాకటీల్: ఇంట్లో అందరూ కలిసి ఎలా చూసుకోవాలి?

మీరు రాసింది మొత్తం చదివానండి. విజయవాడలో ఫ్లాట్. పక్కింటివాళ్లు బదిలీ మీద వెళ్తూ రెండు బడ్జీలను (మన దగ్గర లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిలుకలు) పంజరంతో సహా మీకు అప్పజెప్పారు. అవి ఇంకా కుదురుకోకముందే తెలిసినవాళ్లు ‘మా వల్ల కావడం లేదు’ అని ఒక కాకటీల్‌ను (బడ్జీ కంటే పెద్దదైన, తల మీద కుచ్చు ఉండే చిలుక జాతి పక్షి) తెచ్చి ఇచ్చారు, దానికి పొట్ట మీదా రెక్కల కిందా ఈకలు లేవు. మీ పిల్లలకు ఆరేళ్లు, పదకొండేళ్లు. పక్షుల్ని చేతిలోకి తీసుకోవాలని వాళ్ల ఆత్రం. పంజరంలో పెట్టడం పాపం, మేడ మీదికి తీసుకెళ్లి వదిలేయండని మీ అత్తగారు అంటున్నారు. మూడింటినీ ఒకే పెద్ద పంజరంలో వేద్దామని మీవారు అంటున్నారు. మధ్యలో మీకు టెన్షన్.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఇలా చేతులు మారిన పక్షులే ఉంటున్నాయి. ఆ అనుభవంతో, పక్షుల డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదానితో చెబుతున్నాను.

ముందుగా అత్తగారి మాట. ఆవిడ మాటలో దయ ఉంది, కొట్టిపారేయకండి. కానీ ఈ మూడింటినీ బయట వదిలితే బతకవు. బడ్జీలైనా కాకటీల్ అయినా పుట్టుక ఆస్ట్రేలియాది. అక్కడ గుంపులుగా నీళ్లు వెతుక్కుంటూ తిరిగే పక్షులు అవి. మన దుకాణాల్లో దొరికేవి తరతరాలుగా పంజరాల్లో పుట్టినవి. గింజ ఎక్కడ దొరుకుతుందో, గద్ద నీడ పడితే ఎటు దూరాలో వాటికి నేర్పిన తల్లి లేదు. మేడ మీద వదిలిన పసుపు బడ్జీని కాకులు క్షణాల్లో చుట్టుముడతాయి. కాకుల్ని తప్పించుకున్నా ఎండ, ఆకలి, పిల్లులు ఉన్నాయి. ఈ సంగతి అత్తగారికి మీరే కూర్చుని నెమ్మదిగా చెప్పండి. ఆవిడ కోరుకుంటున్నది పక్షి సుఖంగా ఉండాలనే కదా. ఆ సుఖం ఇంట్లోనే ఎలా ఇవ్వాలో చూద్దాం.

అదే రామచిలుక అయితే నా సమాధానం పూర్తిగా వేరు. మీ దగ్గర పక్షులున్నాయని తెలిశాక ఎవరో ఒకరు చిలుకను కూడా తెచ్చి ఇస్తారు, అందుకే ముందే చెబుతున్నాను. రామచిలుక మన అడవుల పక్షి, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణతో అది రెండో షెడ్యూల్‌లోకి, అంటే చట్టం రక్షణ ఇచ్చే ప్రాణుల జాబితాలోకి వచ్చింది. ఎంత జాలి కలిగినా డబ్బిచ్చి కొనకండి. ఒకటి కొంటే దాని స్థానంలో ఇంకో గూడు దోచుకుని వస్తారు. గాయపడిన చిలుక దొరికితే గాలి తగిలే అట్టపెట్టెలో పెట్టి అటవీ శాఖవాళ్లకు అప్పగించండి. రెక్కలు కత్తిరించిన చిలుకను కూడా మీ అంతట మీరు వదలకండి. ఈకలు మళ్లీ వచ్చి, ఎగరగలిగి, తోటి చిలుకల్లో కలిసే దాకా చూసి వదలాలి, అది వాళ్ల పని. మీ బడ్జీలకూ కాకటీల్‌కూ ఈ చట్టం అడ్డు రాదు. వాటికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద విదేశీ చిలుకలకైతే 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

ఇక మీవారి మాట. ఒకే పంజరం వద్దు, ఇప్పుడే కాదు, తర్వాత కూడా. కాకటీల్ ఒళ్లు పెద్దదే కానీ స్వభావం మెతక. బడ్జీలు చిన్నవైనా దాని కాలివేళ్లు, తోక కొరుకుతూనే ఉంటాయి. అసలే ఈకలు పీక్కుంటున్న పక్షికి ఆ వేధింపు కూడా తోడైతే కోలుకోదు. అన్నిటికంటే ముఖ్యం జబ్బుల భయం. కొత్తగా వచ్చిన పక్షిని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. ముందు బడ్జీల పని చేసుకుని, తర్వాత కాకటీల్ దగ్గరికి వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కుని బయటికి రావాలి. గిన్నెలు కలపకూడదు. నెల అయ్యాక రెండు పంజరాలూ ఒకే గదిలో పెట్టుకోవచ్చు. ఒకదాని గొంతు ఒకటి వింటూ ఉంటే వాటికి ధైర్యం.

ఈ నెల రోజుల జాగ్రత్త మీ కోసం కూడా. చిలుక జాతి పక్షుల నుంచి మనుషులకు వచ్చే సిటకోసిస్ అనే జబ్బు ఉంది. ఎండిన రెట్ట, ఈకల పొడి గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వస్తుంది. జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. చూడటానికి మామూలు ఫ్లూలా, న్యుమోనియాలా ఉంటుంది. దీనికి మందు ఉంది, బాగానే తగ్గుతుంది. కానీ ‘ఇంట్లో పక్షులున్నాయి’ అని మనం చెప్పకపోతే డాక్టర్‌కు ఆ ఆలోచనే రాకపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరికి అలాంటి జ్వరం వచ్చినా ఆ మాట మొదటే చెప్పండి. పంజరం అడుగు కాగితం తీసేముందు నీళ్లు చిలకరించి తడపండి, మాస్క్ పెట్టుకోండి, పొడి చీపురుతో ఊడవకండి. ఆ కాగితాలు మార్చే పని పిల్లలకు చెప్పకండి. కాకటీల్ ఒంటి నుంచి తెల్లటి పొడి చాలా రాలుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు పడుకునే గదిలో మాత్రం దాన్ని ఉంచకండి.

ఇప్పుడు ఆ కాకటీల్ సంగతి. మీ లేఖలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఈకలు పీక్కోవడం చూడగానే ‘బెంగ పెట్టుకుంది’ అనేస్తారు. బెంగ కావచ్చు, కానీ ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. కాకటీల్‌లకు పేగుల్లో జియార్డియా అనే సూక్ష్మజీవి చేరితే ఒళ్లంతా దురద పుడుతుంది. ఏళ్ల తరబడి ఒట్టి గింజల మీద బతికితే విటమిన్ ఎ తగ్గి చర్మం పాడవుతుంది. పురుగులు ఉండొచ్చు, కాలేయం జబ్బు ఉండొచ్చు. మీరు ఇంట్లోనే చూడగలిగే గుర్తు ఒకటుంది. తల మీద ఈకలు బాగానే ఉండి ఒంటి మీద మాత్రమే పోయాయా? పక్షి ముక్కు తన తలకు అందదు కాబట్టి అలా ఉంటే అదే పీక్కుంటోందని అర్థం. తల మీద కూడా ఊడిపోతుంటే కారణం వేరే పక్షైనా కావాలి, జబ్బైనా కావాలి. మీ వైపు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ముందు అక్కడ ఫోన్ చేసి, పక్షుల్ని చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కోండి. తాజా రెట్ట చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, పరీక్షకు పనికొస్తుంది.

బోసిగా ఉన్నచోట కొబ్బరి నూనె, వేప నూనె, పసుపు, ఏదీ రాయకండి. ఎవరు చెప్పినా సరే. నూనె తగిలితే పక్కనున్న మంచి ఈకలు కూడా అతుక్కుపోయి ఒంటి వేడి నిలవదు, పైగా పక్షి దాన్ని నాకి మింగుతుంది. దానికి కావాల్సింది స్నానం. ఉదయం ఎండ పొడ వచ్చే వేళ మామూలు నీళ్లు సన్నటి తుంపరగా పైనుంచి పడేలా చల్లండి, మొహం మీద కొట్టకూడదు. ఇష్టమైతే రెక్కలు విప్పి తలకిందులుగా వేలాడుతుంది, భయపడితే ఆ రోజుకు ఆపేయండి. సాయంత్రం తర్వాత తడపకండి.

దానికి పని కూడా కావాలి. అడవిలో పక్షి రోజులో చాలా భాగం తిండి వెతుక్కోవడంలోనే గడుపుతుంది. పంజరంలో గిన్నె నిండా గింజలుంటే కాసేపట్లో తినేసి మిగతా రోజంతా ఏం చేస్తుంది? తన ఈకలే దొరుకుతాయి. గింజల్ని కాగితం ఉండల్లో చుట్టి ఇవ్వండి. కొబ్బరి పీచు, ఈనె తీసిన తాటాకు ముక్కలు, మొక్కజొన్న పొత్తు మీది పొట్టు కట్టి వేలాడదీయండి, చీల్చుకుంటూ కూర్చుంటుంది. ప్లాస్టిక్ కర్రలు తీసేసి జామ కొమ్మలు కడిగి ఎండబెట్టి అడ్డంగా పెట్టండి, బెరడు కొరుక్కుంటుంది. గన్నేరు కొమ్మ మాత్రం వద్దు, అది విషం. ఇంత చేసినా ఈకలు వెంటనే రావు. కుదుళ్లు పాడవకపోతే తర్వాతి ఈకల రాలుడు కాలానికి కొత్తవి వస్తాయి. కొన్నిచోట్ల ఎప్పటికీ రాకపోవచ్చు. బోసి పొట్టతోనే హాయిగా ఈల వేస్తూ ముసలితనం దాకా బతికిన కాకటీల్‌లను చూశాను. ఈకలు వచ్చాయా అన్నది కాదు, తింటోందా, ఆడుతోందా, గొంతు విప్పుతోందా అన్నది చూసుకోండి.

పిల్లల గురించి మీరు అడిగినదానికి నా జవాబు వాళ్లకు నచ్చకపోవచ్చు. మొదటి కొన్ని వారాలు ఎవరూ చేత్తో పట్టుకోవద్దు. ఇల్లు, గొంతులు, గోడలు, పంజరం చుట్టూ ఉండే మనుషులు, అన్నీ ఒక్కసారిగా మారిపోయిన పక్షికి మనం చూపించే ముద్దు కూడా భయమే. పైనుంచి వచ్చే చెయ్యి దానికి గద్ద కాలులాగే కనిపిస్తుంది. ఇంకో సంగతి పిల్లలకు గట్టిగా చెప్పాలి. పక్షికి మనలా ఊపిరి లాగే డయాఫ్రమ్ ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గుప్పిట్లో గట్టిగా పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరి ఆగిపోతుంది.

మరి పిల్లలేం చేయాలి? ఆరేళ్ల వాణ్ణి రోజూ ఒకే వేళకు పంజరానికి కాస్త దూరంగా కూర్చోబెట్టి తెలుగు పాఠం పైకి చదవమనండి. పక్షి వైపు చూడక్కర్లేదు. తీరు మారని గొంతు, కదలని శరీరం, అంతే. కొన్నాళ్లకు బడ్జీలు వాడి వైపు కొమ్మ మీదికి జరుగుతాయి, పళ్లు నూరినట్టు ముక్కు కిరకిరలాడిస్తూ కునుకు తీస్తాయి. నమ్మకం కుదిరిందనడానికి అంతకంటే గుర్తు లేదు. ఆ తర్వాత కొర్రకంకి ఒకటి తీగల్లోంచి అందించడం, ఇంకొన్నాళ్లకు తలుపు తెరిచి అరచేతిలో పెట్టి ఆగడం. పక్షి రాకపోతే ఆ రోజుకు లేదు. వెంటపడి పట్టుకుంటే అన్ని వారాల పనీ పోతుంది.

పదకొండేళ్ల పాపకు అసలైన బాధ్యత ఇవ్వండి. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి తూకం కొనండి. పక్షుల్ని చేత్తో పట్టుకోకుండా, తూకం మీద చిన్న కొమ్మ స్టాండ్ పెట్టి, కొర్రకంకి ఆశ చూపి దాని మీదికి ఎక్కేలా అలవాటు చేయాలి. రోజూ ఉదయం తిండికి ముందు బరువు చూసి నోట్‌బుక్‌లో రాయాలి. బడ్జీ మామూలుగా 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ 80 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. పక్షి జబ్బును దాచుకుంటుంది, గుంపులో నీరసంగా కనబడినదాన్నే గద్ద ఎత్తుకుపోతుంది కాబట్టి. ఒళ్లు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని కూర్చుందంటే అప్పటికే చాలా ముదిరిందని లెక్క. ఆ ముదిరే లోపు పట్టించేది బరువే. పదో వంతు తగ్గిందంటే, అంటే బడ్జీకి మూడు నాలుగు గ్రాములు, ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా, పంజరం అడుగున కూర్చున్నా అంతే. పిల్లి గోరు గీసుకుంటే చుక్క రక్తం కనబడకపోయినా సరే అదే రోజు వెళ్లాలి, పిల్లి నోటిలో, గోళ్లలో ఉండే సూక్ష్మజీవులు పక్షిని ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి. వెళ్లేదాకా వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచండి. నోట్లో నీళ్లు, పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంట్లో మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిలో రాజీ లేదు.

మొదటిది సీలింగ్ ఫ్యాన్. పంజరం తెరిచేముందు ఫ్యాన్ ఆపి, స్విచ్ మీద కాగితం అంటించండి. ఎవరో ఒకరు చెమట పట్టి అలవాటుగా వేసేస్తారు. కిటికీలకు దోమతెర, వీధి తలుపుకు గడియ. రెండోది వంటగది. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద ఎక్కువ కాలితే వచ్చే ఆవిరికి మనకు ఏమీ అనిపించకపోవచ్చు, పక్కగదిలో ఉన్న పక్షి మాత్రం నిమిషాల్లో చనిపోవచ్చు. పక్షి ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌ను మనకంటే బాగా పీల్చుకుంటాయి, విషాన్నీ అలాగే పీల్చుకుంటాయి. ఇనుప పెనం, స్టీలు మూకుళ్లకు మారిపోండి. శాండ్‌విచ్ మేకర్, కొన్ని ఎయిర్ ఫ్రయర్ల లోపల కూడా అదే పూత ఉంటుంది. మూడోది దోమల మందు. కాయిల్స్, లిక్విడ్, స్ప్రే, ఏదీ పక్షులున్న గదిలో వద్దు, రాత్రి పంజరం చుట్టూ దోమతెర కట్టండి.

అగరబత్తి, సాంబ్రాణి గురించి అత్తగారితో ఎలా చెప్పాలా అని మీరు వెనకాడుతున్నట్టు అనిపించింది. పూజ మానమని చెప్పక్కర్లేదు. పంజరాన్ని పూజగదికి దూరంగా ఉన్న గదిలో పెట్టి, పూజ వేళ తలుపు మూసి, కిటికీ తెరవండి. నా సలహా ఇంకొకటి. ఉదయం ఆకుకూర పెట్టే పని ఆవిడకే అప్పగించండి. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే, మీరంతా బయటికి వెళ్లాక ఆ పక్షులకు తెలిసే మనిషి ఆవిడే. నెమ్మదిగా నడిచే, నెమ్మదిగా మాట్లాడే మనిషి దగ్గర బెదిరిన పక్షి త్వరగా కుదురుకోవచ్చు. ఆవిడ అడుగుల చప్పుడుకు అది ఈల వేసిన రోజు పాపం గురించిన మాట ఇంట్లో వేరేలా సాగుతుంది.

తిండి. పక్కింటివాళ్లు ఇచ్చిన గింజల సంచి ఒక్కసారిగా మానేయకండి. బడ్జీలు కొత్తది తిండి అని గుర్తించక ఆకలితో ఉండిపోతాయి. దుకాణంలో కంగ్ణీ అని ఇచ్చేవి కొర్రలే. వాటికి సామలు, సజ్జలు కలపండి. నెమ్మదిగా కొత్తిమీర, మెంతికూర, మునగాకు, తురిమిన క్యారెట్, గుమ్మడి, ఎర్ర క్యాప్సికం అలవాటు చేయండి. ఆకులు తడిపి కట్టగా వేలాడదీస్తే ముందు వాటిలో దొర్లుతాయి, తర్వాత రుచి చూస్తాయి. మీరు భోంచేసే వేళకే వాటికీ పెట్టండి, గుంపు తింటుంటే పక్షికి తినాలనిపిస్తుంది. మీ కంచంలోది మాత్రం పెట్టకండి. ఉప్పు, నూనె, ఉల్లి, టీ, చాక్లెట్, అవకాడో వాటికి హాని. కాకటీల్‌కు పొద్దుతిరుగుడు గింజలు బహుమతిగా ఒకటి రెండు, అంతే. కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్క (కటిల్‌ఫిష్ ఎముక) పంజరానికి కట్టి ఉంచండి.

బడ్జీలు ఆడా మగా జంట అనుకుంటాను. ముక్కు పైన కండ పెద్దయ్యాక మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమ రంగులోనో తెల్లగానో ఉంటుంది. పంజరంలో మట్టికుండ కట్టి ఉంటే ఇవాళే తీసేయండి, గుడ్లు లేకపోతేనే. కుండ ఉన్నంతకాలం అవి గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆడపక్షి ఒంట్లో కాల్షియం కరిగిపోతుంది, పిల్లల్ని ఎవరికివ్వాలో మీకు తెలియదు. మన దగ్గర లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మి, తర్వాత వదిలేసే బడ్జీల్లో ఇలా ఇళ్లలో పెరిగిపోయినవీ ఉంటాయి. గుడ్డు అడ్డుపడి ఆడపక్షి అడుగున కూర్చుని ముక్కుతుంటే గంటల వ్యవహారం, ఆలస్యం చేయకండి.

రాత్రి పది పన్నెండు గంటల చీకటి కావాలి వాటికి. హాల్లో టీవీ ముందు పంజరం పెడితే ఆ నిద్ర దొరకదు. కాకటీల్‌లు చీకట్లో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకుంటాయి, అందుకని దాని గదిలో చిన్న బెడ్‌లైట్ ఉంచండి. మీ ఊరి వేసవి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పుతుంటే వడదెబ్బ మొదలైనట్టు. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, కాళ్ల మీద మామూలు నీళ్లు చిలకరించండి, ఐసునీళ్లు వద్దు. దీపావళికి లోపలి గదిలో తలుపులు మూసి, దీపం వెలుగుతూ ఉంచి, ఎవరో ఒకరు దగ్గర కూర్చోండి. సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఇప్పటి నుంచే ఒక మనిషిని చూసుకోండి. గిన్నెలు నింపి తాళం వేసి వెళ్లడం కుదరదు.

కాకటీల్ జాగ్రత్తగా చూస్తే 15, 20 ఏళ్లు బతుకుతుంది. మీ పాప చదువు, ఉద్యోగం, పెళ్లి దాకా ఉండొచ్చు. ఇది మీకు భారం అనిపిస్తే ఇప్పుడే ఒప్పుకుని, తెలిసిన పెంపకందారు ఇంటికి పంపడంలో తప్పేమీ లేదు. ఏడాది తర్వాత మూడోసారి చేతులు మారడం కంటే అది మేలు.

ప్రస్తుతానికి నాకు నాలుగు వివరాలు రాయండి: కాకటీల్ తల మీద ఈకలు ఎలా ఉన్నాయి, దాని రెట్ట ఏ రంగులో పడుతోంది, పంజరం తీగలకు తెల్లటి జింక్ పూత పొరలుగా లేస్తోందా, మూడింటి బరువులు ఎంతెంత. పంజరం ఫొటో కూడా పెట్టండి. పూత లేస్తుంటే మిగతావి ఆగినా పర్లేదు కానీ పంజరం ముందు మార్చాలి, ఆ పొడి మింగితే పక్షికి జింక్ విషం ఎక్కుతుంది.